అల్లుడికి కిటికీ సీటు

సూట్‌కేసును బోర్లా పడుకోబెట్టి, అరిగిపోయిన చక్రాన్ని పట్టకారుతో లాగుతున్నాడు పెట్టెల మేస్త్రీ. అది రానని మొండికేసింది. "రావే తల్లీ, నన్ను చంపకు" అని బతిమాలాడు. నోట్లో రెండు రివెట్లు బిగించుకుని ఉన్నాడు కాబట్టి ఆ మాటల్లో సగం ముక్కులోంచే వచ్చాయి. రివెట్లు నోట్లో పెట్టుకోవడం ఆయనకి ఎప్పటినుంచో అలవాటు. డబ్బాలో పెడితే వెతుక్కోవాలి, నోట్లో ఉంటే వెతుక్కోనక్కర్లేదు, పైగా వచ్చినవాళ్ళతో అనవసరంగా మాట్లాడే బాధ తప్పుతుందని ఆయన లెక్క.

మనిషి సన్నం. వంగి వంగి కూర్చోవడంతో వీపు కాస్త గూనితిరిగింది. కుడిచేతి బొటనవేలు సుత్తి దెబ్బలు తిని తిని వెడల్పుగా చదునైపోయింది. ఊరందరి సంచులకీ కొత్త హ్యాండిళ్ళు వేసే మనిషి, తన కళ్ళజోడు కాడ విరిగితే మాత్రం దానికి నల్లదారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. అదేమిటని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదండీ" అంటాడు. కళ్ళజోడు విరిగి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

కొట్టు ఇరుకు. మూడు వైపులా గోడలకి చక్రాలు, పట్టీలు, జిప్పులు వేలాడుతుంటాయి. నాలుగో వైపు వీధి. కుడివైపు గోడ అసలు గోడే కాదు, చెక్క అడ్డం. ఆ చెక్కకి అవతల ఆయన బావమరిది తాళంచెవులు కోసే కొట్టు. ఎడమవైపు గోడవారగా కుట్టుమిషను, దాని ముందు పొట్టి స్టూలు. ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోరు. బేరానికి వచ్చినవాళ్ళు అలవాటుగా దాన్ని లాక్కోబోతే, "అది కుంటిదండీ, పడిపోతారు" అంటాడు మేస్త్రీ. స్టూలు నాలుగు కాళ్ళూ గట్టిగానే ఉన్నాయి. దాని మీద కూర్చునే మనిషే లేదు, అంతే.

మిషనుకి పైన గోడకి చిన్న చెక్క అర. ఇప్పుడది ఖాళీ. అల్లుడుగారు ఉండాల్సిన చోటది.

అల్లుడుగారంటే గాడిద. గుడ్డ గాడిద, జానెడు కూడా ఉండదు. సూట్‌కేసుల్లో వేయగా మిగిలిన లైనింగు గుడ్డ ముక్కలు పారెయ్యడానికి చేతులు రాక, ఒక వాన కురుస్తున్న మధ్యాహ్నం మేస్త్రీ భార్య కూర్చుని కుట్టేసింది. ఒళ్ళంతా నీలం లైనింగు, చెవులు పాత తోలు హ్యాండిలు, తోక ఒక జిప్పు రన్నరు. కళ్ళు రెండు రివెట్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కుట్టడం అయ్యాక ఎత్తి పట్టుకుని చూసుకుని, "బరువులు మోసే పెట్టెల కొట్టు కదా, ఒక గాడిద ఉండాలి. ఇప్పటికే ఒకటి ఉందనుకోండి" అని మొగుడి వంక చూసి నవ్వింది.

ఆవిడకి దేశాలు చూడాలని చచ్చేంత కోరిక. కాని బస్సెక్కితే రెండో మలుపు తిరగకుండానే వాంతి. ఎక్కని బస్సు లేదు, మింగని మాత్ర లేదు. అలాంటి మనిషికి విమానమెక్కడ? అందుకని పరాయి దేశం వెళ్ళేవాళ్ళెవరో పెట్టె బాగుచేయించుకుని తీసుకెళ్తుంటే, గాడిదని అందులో పెట్టి, "మీతో పాటు దీన్ని తిప్పి తీసుకురండి. పెద్దగా తిండి తినదు" అంది. వాళ్ళు నవ్వి తీసుకెళ్ళారు. తీసుకొచ్చారు కూడా. అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. విదేశం వెళ్ళే పెట్టె ఏదైనా, దాన్ని అప్పగించే ముందు మేస్త్రీ తన చేత్తో గాడిదని లోపల పెట్టాలి. తిరిగొచ్చాక వాళ్ళు దాన్ని తెచ్చి, కాసేపు నిలబడి, ఆవిడ అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఫోటోలు చూపిస్తే ఒప్పుకునేది కాదు. "ఫోటోల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు, ఏం తెలుస్తుంది? నోటితో చెప్పండి" అనేది. అడిగేవి ఎప్పుడూ ఆ మూడే. పెట్టె ఎక్కడ పెట్టారు? అక్కడి నీళ్ళు ఎలా ఉన్నాయి? కిటికీలోంచి చూస్తే ఏం కనిపించింది?

అల్లుడు అన్న పేరు బావమరిది పెట్టాడు. "పని చెయ్యడు, ఊళ్ళు తిరుగుతాడు, వచ్చినప్పుడల్లా దులిపి దుమ్ముతుడిచి మర్యాదలు చెయ్యాలి. కూతురు లేకపోయినా అల్లుణ్ణి సంపాదించావక్కా" అన్నాడు. పిల్లలు లేని అక్క ఆ మాటకి బాధపడుతుందేమోనని అన్న తరువాత నాలుక కరుచుకున్నాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ పేరే ఉండిపోయింది.

ఆవిడ పోయాక కూడా అల్లుడి ప్రయాణాలు ఆగలేదు. వచ్చినవాళ్ళని ఆ మూడు ప్రశ్నలూ మేస్త్రీయే అడిగేవాడు. నోట్లో రివెట్లతో తలూపుతూ వినేవాడు. సాయంత్రం షట్టరు సగం దించి, ఆవిడ స్టూలుకి ఎదురుగా కూర్చుని, విన్నదంతా మెల్లగా చెప్పేవాడు. చెక్క అడ్డానికి అవతల బావమరిదికి అది వినపడేది. బావ నడకనీ, కళ్ళజోడునీ, చివరికి తుమ్మునీ కూడా వెక్కిరించే మనిషి, దీని గురించి మాత్రం ఏనాడూ నోరెత్తలేదు.

చలికాలానికి ముందు ఈత టీచరు పెట్టెలో వెళ్ళిన అల్లుడు ఇంకా రాలేదు. చలి పోయింది, ఎండలూ పోయి వానలు పడుతున్నాయి. చెప్పడానికి ఏమీ లేక మేస్త్రీకి సాయంత్రాలు గడవడం లేదు. ఒకటి రెండుసార్లు కొట్టు కబుర్లే చెప్పబోయాడు. ఫలానావాళ్ళ పెట్టెకి హ్యాండిలు వేశాను అని మొదలుపెట్టి ఆపేశాడు. కొట్టు సంగతి ఆవిడకి తెలియనిదేముంది? ఆవిడ తనమీద అలిగి మొహం తిప్పుకుందేమో అని కూడా అనిపించేది. చచ్చిపోయిన మనిషి అలగడమేమిటని తనని తనే కసురుకునేవాడు. కాని ఆ బెంగ పోయేది కాదు.

"బావా, టీ" అంటూ బావమరిది గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టాడు. "నోట్లోవి తీసి తాగు. ఆమధ్య ఒకటి మింగేశావు."

"మింగలేదు. కింద పడింది."

"పడితే ఇప్పటిదాకా దొరకలేదేం?" గుమ్మానికి చేరగిలబడి, గొంతు తగ్గించాడు. "ఈత టీచరు నిన్న మళ్ళీ అటువైపు నుంచే పోయింది. మొహం అటు తిప్పేసుకుని. వానలో తడిసింది గాని, ఇటు మన కొట్ల రేకుల కిందకి రాలేదు. నేనడుగుతా ఆవిణ్ణి."

"వద్దు."

"ఏం?"

"అడిగితే దొంగా అన్నట్టుంటుంది. వాడు తిరుగుబోతు. వాడే వస్తాడు."

"అక్క ఉంటే ఈపాటికి..."

"మీ అక్క ఉంటే నీ టీలో చక్కెర తగ్గించేది. పో, పని చూసుకో."

పట్టకారు పట్టుకున్న ఎడమచెయ్యి తిమ్మిరెక్కితే మేస్త్రీ దాన్ని విదిలించాడు. బావమరిది అది చూశాడు. "డాక్టరిచ్చిన మాత్ర వేసుకున్నావా?" అన్నాడు. "వేసుకున్నా" అన్నాడు మేస్త్రీ. వేసుకోలేదు. మాత్ర వేసుకుంటే నిద్రమత్తుగా ఉంటుంది, పని వంకరపోతుంది.

పొద్దెక్కాక వాన తెరిపిచ్చింది. చెక్కకి అవతల తాళంచెవుల మిషను గీమంటూ ఆగకుండా తిరుగుతోంది. మొండి చక్రం ఊడింది, కొత్తది ఎక్కింది. ఒక సంచికి జిప్పు మార్చాడు. ఇంకొక సంచి పట్టీకి దబ్బనంతో కుట్లు వేస్తుండగా గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే ఈత టీచరు. పొడగరి, వెడల్పాటి భుజాలు, జుట్టు ఎప్పుడు చూసినా అప్పుడే నీళ్ళలోంచి వచ్చినట్టు తడిగా ఉంటుంది. ఊళ్ళో పిల్లలకి ఈత నేర్పుతుంది, ఏడాదికోసారి వాళ్ళని వెంటేసుకుని వేరే దేశాల్లో పోటీలకి తీసుకెళ్తుంది. పెద్ద నీలం పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకొచ్చింది.

"చక్రం ఊడిపోయింది. రేపు పొద్దున్నే ప్రయాణం" అంది. మేస్త్రీ కళ్ళలోకి చూడకుండా, పెట్టె దించి, సంచిలోంచి ఒక బొమ్మ తీసి బల్లమీద పెట్టింది. కొత్తది, మెత్తటిది, మెడలో ఎర్ర రిబ్బను.

మేస్త్రీ దాన్ని చూశాడు. నోట్లో రివెట్లు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇది గుర్రం కదమ్మా" అన్నాడు.

"గాడిద దొరకలేదండీ. అక్కడ వెతికాను, ఇక్కడికొచ్చీ వెతికాను. గాడిదల్ని ఎవరూ చెయ్యట్లేదు." ఆవిడ బొమ్మ మెడలో రిబ్బను సర్దింది. "మీరు లోపల పెట్టాననే చెప్పారు. అక్కడికెళ్ళి తెరిస్తే లేదు. పెట్టె మొత్తం బోర్లించేశాను. పిల్లల సంచులన్నీ దులిపించాను, పాపం ఒకమ్మాయి నన్ననుమానిస్తున్నారా అని ఏడ్చింది. ఎక్కడ పడిపోయిందో... మీ ఆవిడ చేత్తో కుట్టింది కదా. ఏ మొహం పెట్టుకుని రానండీ? ఈరోజు కూడా ఈ చక్రం కోసం ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు కుదరదన్నారు."

వస్తాడు, వస్తాడు అనుకున్నవాడు ఇక రాడు. ఆ అర ఖాళీగానే ఉంటుంది, ఆ సాయంత్రాలూ ఖాళీగానే ఉంటాయి. కాని ఎదురుగా నిలబడ్డ మనిషి తలెత్తడం లేదు.

"గుర్రం బాగుంది" అన్నాడు. "రిబ్బను బాగుంది. మీరు ఊరుకోండి. పెట్టె ఇటివ్వండి."

చక్రం మార్చాలంటే దాని మరలు పెట్టె లోపలినుంచి తియ్యాలి, లోపలినుంచి తియ్యాలంటే లైనింగు విప్పాలి. మేస్త్రీ పెట్టె తెరిచి, మూలన కుట్టు కత్తిరించాడు. ఆ కుట్టు ఆయన వేసిందే. పోయినసారి ఆవిడ ఈ పెట్టె తెచ్చినప్పుడు లైనింగు ఇక్కడే చిరిగి ఉంది. విప్పిన సందులోంచి చెయ్యి పోనిచ్చి మరకోసం తడిమాడు. చేతికి మర తగల్లేదు. చిన్న ఇనపముక్క తగిలింది. సన్నగా, పొడుగ్గా, చివర రంధ్రంతో. జిప్పు రన్నరు.

కాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. తరువాత మెల్లగా లాగాడు. ముందు తోక వచ్చింది, తరువాత నలిగిపోయిన నీలం ఒళ్ళు, చివరికి చెవులు.

పోయినసారి మరిచిపోతానేమోనని ముందే గాడిదని పెట్టెలో పెట్టి, ఆ తరువాత లైనింగు కుట్టడానికి కూర్చున్నాడు. లైనింగు నీలం, గాడిదా నీలం. అది చిరుగులోంచి వెనక్కి జారితే చూసుకోకుండా పైనుంచి కుట్టేశాడు. అప్పగించేటప్పుడు పెట్టెమీద చరిచి, "అల్లుడు లోపలే ఉన్నాడు" అని కూడా అన్నాడు.

"దొంగ దొరికాడమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఎవరండీ?"

"నేనే."

ఈత టీచరు నవ్వబోయి ఏడ్చేసింది. మిషను ముందున్న స్టూలు లాక్కుని దాని మీద కూలబడింది. మేస్త్రీ నోరు తెరిచాడు. స్టూలు కుంటిదని చెప్పబోయి, చెప్పకుండా మూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నా తప్పుకి మీరు వానలో తడిశారు" అన్నాడు. "ఆ అమ్మాయెవరో ఏడ్చిందన్నారే, ఆ పిల్లకి కూడా చెప్పండి, ఒక ముసలి మతిమరుపువాడు చేసిన పనని." గాడిద చెవులు సరిచేసి మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడు. "అయితే వీడు మీతోనే ఉన్నాడన్నమాట. వెళ్ళాడు, వచ్చాడు. చీకట్లో ఉన్నాడంతే. ఇక చెప్పండి. పెట్టె ఎక్కడ పెట్టారు?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని చెప్పింది. గది చిన్నదట. పెట్టెని హీటరు పక్కన పెట్టిందట. నీళ్ళు ఆకుపచ్చగా, ఎముకలు కొరికే చలిగా ఉన్నాయట. మొదటిరోజు పిల్లలు కాలు పెట్టి కెవ్వుమన్నారట. అందరికన్నా చివర ఒడ్డు చేరిన పిల్ల, చేరానన్న సంతోషంతో గంతులేస్తే, గెలిచిన పిల్ల కూడా వచ్చి దానితో పాటు గంతులేసిందట.

"కిటికీలోంచి?"

"కిటికీలోంచి ఏముందండీ, ఒక సందు. సందులో గొడుగులు బాగుచేసే కొట్టు. ఒక ముసలాయన నోట్లో పిన్నులు పెట్టుకుని కూర్చునేవాడు. పక్కన వాళ్ళావిడ మిషను తొక్కుతుండేది. రోజంతా ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్ళు కాదు. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు ఆవిడేదో అనేది, ఆయన నవ్వేవాడు. రోజూ అంతే. నాకు మీరే గుర్తొచ్చేవాళ్ళు. అప్పుడు గాడిద పోయిన సంగతి గుర్తొచ్చి కిటికీ మూసేసేదాన్ని."

మేస్త్రీ గాడిద తోకని అటూ ఇటూ తిప్పాడు.

"ఆవిడ ఏమనేదో?"

"అంతదూరం వినపడుతుందా అండీ."

"గాడిద అని ఉంటుంది" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ లేచి, అల్లుణ్ణి అరమీద పెట్టబోతే మేస్త్రీ ఒప్పుకోలేదు. రేపు ఆవిడతో మళ్ళీ పంపాల్సిందేనన్నాడు. పోయినసారి అంతదూరం పంపించి కళ్ళకి గంతలు కట్టినట్టు చేశాను, ఈసారి కిటికీ సీటు ఇస్తాను, పొద్దున్న వెళ్తూ వెళ్తూ పెట్టె తీసుకోండి అన్నాడు. గుర్రాన్ని మాత్రం అరమీదకెక్కించి, "నువ్వు కొత్తదానివి, ముందు కొట్టు చూసుకో" అని చెప్పాడు.

మధ్యాహ్నమంతా ఆ పనే. చక్రం బిగించాడు. లైనింగు కుట్టాడు, కుట్టేముందు లోపల మూడుసార్లు తడిమి చూసుకున్నాడు. తరువాత పెట్టె ముందువైపున్న జేబుకి మధ్యలో గుడ్డ కత్తిరించి, పాత వానకవరులోంచి పలచటి ప్లాస్టిక్ ముక్క కోసి అక్కడ ఆనించాడు. సరిగ్గా గాడిద మొహం కనపడేంత కిటికీ. గాడిదని జేబులో కూర్చోబెట్టి, మెడకి దారం వేసి లోపలి రింగుకి ముడివేశాడు. ఎడమచెయ్యి మాటిమాటికీ బరువెక్కుతుంటే దించి, ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ ఎత్తుకుంటున్నాడు.

సాయంత్రం టీ తెచ్చిన బావమరిది ఆ కిటికీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టి, దగ్గరికొచ్చి, ప్లాస్టిక్ మీదనుంచి గాడిద మొహాన్ని వేలితో తాకాడు. వాళ్ళక్క చేతి పనిని అతను చాలాకాలానికి చూశాడు.

"ఎక్కడ దొరికాడు?"

"నేనే పెట్టెలో వేసి కుట్టేశాను."

"లోకంలో ఎవడైనా అల్లుణ్ణి లోపలేసి కుట్టేస్తాడా బావా!"

"అరవకు. మీ అక్క వింటుంది."

"నేనరిస్తే ఏం, ఎలాగూ నువ్వే చెప్తావుగా ఇప్పుడు" అనేసి, బావమరిది చప్పున ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ దాచినది నోరుజారింది.

మేస్త్రీ కళ్ళజోడు మీదనుంచి చూశాడు. "వినపడుతుందా?"

"చెక్కే కదా బావా."

కాసేపు ఇద్దరూ టీ తాగారు. "అయితే ఈ పూట నీ మిషను ఆపు" అన్నాడు మేస్త్రీ. "గొంతు పెద్దగా రావట్లేదు."

బావమరిది వెళ్ళి తాళంచెవుల మిషను ఆపేశాడు. ఎవరో తాళంచెవికి వస్తే రేపు రమ్మని సైగచేసి పంపించాడు. చెక్క అడ్డానికి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. అవతల షట్టరు సగం దిగిన చప్పుడయింది. బల్ల కిర్రుమంది. చేతిలో పని ఆపకుండా చెప్పడం బావకి అలవాటు, సూది ప్లాస్టిక్‌లో దిగుతున్న చిన్న టిక్కుమనే చప్పుడు మాట మాటకీ వినపడుతోంది.

"ముందు తిట్టెయ్యి, తప్పు నాదే. తిట్టావా? సరే, విను. హీటరు పక్కన పెట్టిందట. వెచ్చగానే ఉన్నాడు, బెంగపెట్టుకోకు... నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయట..."

చివరొచ్చిన పిల్ల గంతులేసిందన్నప్పుడు చెక్క అవతలా ఇవతలా ఒకేసారి నవ్వారు. బావమరిది చేత్తో నోరు మూసుకున్నాడు. అక్క బతికుండగా వినేటప్పుడు ఎలా ముందుకు వంగేదో, అతను కూడా అలాగే వంగి వింటున్నాడు.

"ఇక కిటికీ సంగతి" అంది అవతలి గొంతు. "కిటికీలోంచి చూస్తే, ఏం కనిపించిందనుకున్నావు? నువ్వు నమ్మవు..."

సూది చప్పుడు ఆగింది. దారం మార్చుకుంటున్నాడేమో అనుకున్నాడు బావమరిది. ఊరించడం బావకి మామూలే. వీధిలో సైకిలేదో గంట కొట్టుకుంటూ పోయింది. రేకుల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చెప్పు బావా" అన్నాడు చివరికి, చెక్కకి నోరు దగ్గరగా పెట్టి. "నేనూ వింటున్నా."

జవాబు రాకపోయేసరికి లేచాడు. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికెళ్ళాడు. మేస్త్రీ గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. గడ్డం రొమ్మును తాకుతోంది. కళ్ళజోడు జారి, దారంతో చెవికి వేలాడుతోంది. మంచి కబురు చెప్పబోయే మనిషి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ మొహం.

బావమరిది పిలిచాడు. భుజం పట్టుకుని కుదిపాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. తరువాత కళ్ళజోడు తీసి, మడిచి, బావ జేబులో పెట్టి, పక్కన నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరినైనా పిలవాలని తెలుసు. కాసేపాగి పిలుద్దామనుకున్నాడు. ఎదురుగా స్టూలు, ఈత టీచరు లాక్కున్న చోటే, మేస్త్రీ వైపు కొంచెం జరిగి ఉంది.

"రేపు టీచరమ్మని అడిగి నేను చెప్తాలే బావా" అన్నాడు. "ఇద్దరికీ చెప్తా."

బల్లమీద పెట్టె నిలబడే ఉంది. కిటికీకి మూడు వైపులా కుట్టు పడింది, నాలుగో వైపు సగంలో సూది దారానికి వేలాడుతోంది, ఆ వెనకనుంచి ఒక పెద్ద కన్ను, ఒక చిన్న కన్ను వీధిలోకి చూస్తున్నాయి.